లెక్కలో లేని పిల్లి

యాసంగి కోతలు మొదలయ్యాయంటే జగిత్యాల జిల్లా రాయికల్ చుట్టుపక్కల ఊళ్లలో రెండు కబుర్లు తిరుగుతుంటాయి. ఫలానా పొలంలో చిరుత పిల్లలు దొరికాయన్నది ఒకటి. హార్వెస్టర్ ముందు, ఇంకా కోయని వరి మూలలో, చారల చారల పిల్లలు రెండో మూడో ముడుచుకుని ఉంటాయి. డ్రైవరు బండి ఆపుతాడు, ఎవరో ఫోన్లో ఫొటో తీస్తారు, పొద్దుగూకేసరికి నాలుగూళ్లకు ఆ ఫొటో చేరుతుంది. రోడ్డు మీద పులిపిల్ల చచ్చిపడి ఉందన్నది రెండోది. నేను వెళ్లి చూసినంతలో ఈ రెండు కబుర్ల వెనుకా ఉన్నది దాదాపు ఎప్పుడూ ఒకే జంతువు. అడవి పిల్లి. కొందరు జంగపిల్లి అంటారు, కొందరు బావురుపిల్లి అంటారు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఫెలిస్ చౌస్.

ఈ పిల్లి గురించి ఎవరూ కంగారు పడటం లేదు. ప్రపంచ స్థాయిలో జంతువుల స్థితిగతులు చూసే ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో దీన్ని అతి తక్కువ ఆందోళన కలిగించే వర్గంలో ఉంచారు. ఈజిప్టు నైలు లోయ నుంచి ఆగ్నేయాసియా దాకా ఉన్న జంతువు కనుక ఆ వర్గీకరణలో తప్పు లేదు. కానీ రాయికల్, కోరుట్ల, సిరిసిల్ల పొలాల్లో నాకు కనిపిస్తున్నది వేరు. ఇక్కడ ఈ పిల్లి తగ్గిపోవడానికి కావలసిన కారణాలన్నీ ఒకచోట చేరాయి. తగ్గితే మనకు తెలిసే ఏర్పాటు మాత్రం ఒక్కటీ లేదు.

ముందు జంతువును దగ్గరగా చూడాలి. ఇంటి పిల్లి కన్నా కాళ్లు పొడుగు, ఒళ్లు సన్నం. ఇసుక రంగుకు బూడిద కలిసినట్టుండే బొచ్చు. పెద్దయ్యాక ఒంటి మీద మచ్చలుండవు, ముంగాళ్ల లోపలి వైపు మాత్రం ముదురు పట్టీలు మిగులుతాయి. చెవుల కొసన చిన్న నల్ల కుచ్చు. తోక పొట్టిది, వెనక కాలి మడమ దాకానే వస్తుంది, చివర రెండు మూడు నల్ల వలయాలు. పిల్లలకు మాత్రం ఒళ్లంతా చారలుంటాయి, అందుకే జనం చిరుత అనుకుంటారు. చిరుత పిల్లకు ఉండేవి గుత్తులు గుత్తులుగా మచ్చలు, చారలు కావు. తోక కూడా ఒంటితో పోలిస్తే బాగా పొడుగు. ఈ రెండు గుర్తులు తెలిస్తే చాలు, సగం భయం పోతుంది.

పేరులో అడవి ఉన్నా ఇది దట్టమైన అడవిని వెతుక్కునే జంతువు కాదు. నీటి ఒడ్డు, తుంగ, జమ్ము, ఎత్తైన గడ్డి, వాటి పక్కనే తెరపి నేల కావాలి దానికి. కాకతీయ కాలువ డిస్ట్రిబ్యూటరీల వెంట, చెరువు శిఖం భూముల్లో, గుట్టల అంచున ఉన్న చెలకల్లో, ఉత్తరాన బోర్నపల్లి దగ్గర గోదావరి ఒడ్డు గడ్డిలో అలాంటి చోట్లు ఉన్నాయి. పొద్దు వాలేటప్పుడూ తెల్లవారుజామునా ఎక్కువగా తిరుగుతుంది, మనుషుల అలికిడి లేకపోతే పగలు కూడా.

దాని వేట చూడాలంటే కోసిన పొలం పక్కన కదలకుండా నిలబడాలి. ఒడ్డు మీద నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది. తల కదలదు, చెవులు మాత్రం ఒకదానికొకటి సంబంధం లేనట్టు తిరుగుతాయి. చూపు కన్నా ముందు పనిచేసేది వినికిడే. గడ్డి కింద ఎలుక దంటు కొరికే చప్పుడు దానికి చాలు. చప్పుడు ఎక్కడిదో తేలాక రెండు చెవులూ ముందుకు నిలుస్తాయి, వెనక కాళ్లు కొద్దిగా కుదించుకుంటుంది, పైకెగిరి రెండు ముంగాళ్లతో గడ్డిని నేలకు అదిమి పడుతుంది. దొరికితే మెడ వెనుక ఒక్క కాటు. దొరక్కపోతే ఆ జాగాలో కాసేపైనా తచ్చాడదు, మళ్లీ ఒడ్డెక్కి నడక సాగిస్తుంది. ఎలుక బొక్క ముందు మాత్రం చాలాసేపు కదలకుండా కాచుకుని కూర్చుంటుంది.

రాజస్థాన్‌లోని సరిస్కాలో అడవి పిల్లి, కారకల్, నక్క జాతుల ఆహారం మీద షోమితా ముఖర్జీ బృందం చేసిన అధ్యయనం 2004లో అచ్చయింది. పెంటికలు విడదీసి, అందులోని వెంట్రుకలు, ఎముకలు, పళ్లు చూసి కట్టిన లెక్క అది. ఒక్కో అడవి పిల్లి రోజుకు 3 నుంచి 5 ఎలుకజాతి జీవులను తింటుందని తేల్చారు. ఏడాదికి వెయ్యికి పైనుంచి 1,800 దాకా అన్నమాట. సరిస్కా రాయికల్ కాదు. అక్కడి ఎలుకలు వేరు, ఇక్కడి పొలం ఎలుక, పందికొక్కు, చిట్టెలుక వేరు. అయినా పిల్లి ఒంటి పరిమాణం, దాని ఆకలి పెద్దగా మారవు కనుక ఆ అంకెను ఒక అంచనాగా తీసుకోవచ్చు. చెరువు కింద ఆయకట్టులో రెండు మూడు పిల్లులు తిరుగుతున్నాయంటే రైతు జేబులో పైసా ఖర్చు లేకుండా ఎంత పని జరుగుతున్నదో లెక్క వేసుకోవచ్చు.

ఆఫ్రికా అడవి పిల్లి మీద జరిగిన పరిశోధన ఈ సంగతిని ఇంకా స్పష్టం చేస్తుంది. దక్షిణాఫ్రికా, బోట్స్వానాల మధ్య కలహారిలో క్గలగాడి అనే పార్కు ఉంది. అక్కడ మార్నా హెర్బ్‌స్ట్, గస్ మిల్స్ 8 పిల్లులకు రేడియో కాలర్లు వేసి 46 నెలల పాటు వాటి ఆహారాన్ని గమనించారు. మనిషి పక్కనున్నా పట్టించుకోనంతగా అలవాటు చేసి, వేటను కళ్లారా చూసి రాసుకున్నారు. తిన్న ఆహారపు బరువులో 73 శాతం ఎలుకలే. పక్షులు 10 శాతం, కుందేలు లాంటి పెద్ద జంతువులు 9 శాతం, పాములూ బల్లులూ 6 శాతం, పురుగులు 2 శాతం. ఏది దొరికితే అది తినగలదు కానీ ఎలుకలున్నంత కాలం ఎలుకల మీదే బతుకుతుంది. మన ఇళ్లలో తిరిగే పిల్లికి మూలం ఈ జాతేనని 2007లో జన్యు పరీక్షలు తేల్చాయి. సైప్రస్‌లో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కన పాతిపెట్టిన పిల్లి ఎముకలు బయటపడ్డాయి. గింజలు నిల్వ చేసుకున్న తొలి రైతుల దగ్గరికి ఎలుకలు వచ్చాయి, ఎలుకల కోసం ఆ పిల్లి వచ్చింది. దాని దాయాది అయిన మన అడవి పిల్లి ఇంట్లోకి రాలేదు, పొలం ఒడ్డు దగ్గరే ఆగిపోయింది. బతుకుతెరువు మాత్రం రెండింటికీ ఒకటే. ఎలుక బాగుంటే పిల్లి బాగుంటుంది, ఎలుక ఒంట్లో ఏదుంటే అది పిల్లి ఒంట్లోకి వస్తుంది.

నా ఆందోళన అక్కడ మొదలవుతుంది.

వరిలో ఎలుకల నివారణకు మన దగ్గర ప్రధానంగా వాడే మందులు రెండు. జింక్ ఫాస్ఫైడ్ ఒకటి. కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువు విడుదల చేస్తుంది, ఎలుక గంటల్లో చస్తుంది. రెండోది బ్రోమాడయోలోన్. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు కలిపి పొట్లాలు కట్టి బొక్కల్లో పెట్టడం రైతులందరికీ తెలిసిన పద్ధతే. ఇది కాలేయంలో విటమిన్ కె పనిని అడ్డుకుంటుంది, దాంతో రక్తం గడ్డకట్టదు. లోలోపల రక్తం కారి ఎలుక చస్తుంది. కానీ వెంటనే కాదు, కొన్ని రోజులు పడుతుంది. ఆ కొన్ని రోజులూ అది బతికే ఉంటుంది, మళ్లీ మళ్లీ మందు తింటుంది, నీరసంగా పట్టపగలు బయట తూలుతూ తిరుగుతుంది. అడవి పిల్లికి అంతకన్నా తేలికగా దొరికే వేట ఉండదు. కాచుకుని కూర్చునే పని లేదు, ఎగిరి పట్టే పని లేదు. మందు ఎలుక కాలేయంలోంచి పిల్లి కాలేయంలోకి చేరుతుంది. అక్కడ నెలల తరబడి ఉంటుంది. రేపు ఇంకో ఎలుక, ఎల్లుండి మరొకటి.

ఇది ఊహ కాదు. కేప్‌టౌన్ నగరం చుట్టూ కొండల్లో, ద్రాక్ష తోటల్లో తిరిగే కారకల్స్ మీద లారెల్ సెరియస్ బృందం చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. కారకల్ అంటే చెవుల మీద పొడవాటి నల్ల కుచ్చులుండే ఆఫ్రికా, ఆసియా పిల్లి. నిలబడ్డ చోటి నుంచి గాల్లోకి లేచి ఎగిరే పిట్టను పట్టగలదు. పరీక్షించిన కారకల్స్‌లో 92 శాతం ఒంట్లో ఈ తరహా ఎలుకల మందు దొరికింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇంకో రుజువు ఉంది. శాంటా మోనికా కొండల్లో బాబ్‌క్యాట్లనే అడవి పిల్లులు 2002 తర్వాత తీవ్రమైన గజ్జి పట్టి వరుసగా చనిపోయాయి. అలా చనిపోయిన వాటిని కోసి చూస్తే పరీక్షించిన ప్రతి దాని కాలేయంలోనూ ఎలుకల మందు ఉంది. మందు నేరుగా చంపలేదు, రోగాన్ని తట్టుకునే శక్తిని తీసేసింది. తర్వాతి పరిశోధనలు ఆ పిల్లుల రోగ నిరోధక వ్యవస్థలో మార్పులను కూడా గుర్తించాయి. కాలిఫోర్నియా 2020లో చట్టం చేసి బ్రోమాడయోలోన్ సహా ఈ తరం మందుల వాడకాన్ని చాలా చోట్ల ఆపేసింది. వ్యవసాయానికి మాత్రం మినహాయింపు ఇచ్చింది, అది కూడా చెప్పాలి. ఎలుకల వల్ల రైతుకు జరిగే నష్టం నిజం. దాన్ని పక్కన పెట్టి మాట్లాడితే ఊళ్లో నా మాట ఎవరూ వినరు, వినకూడదు కూడా.

ఇక్కడి సంగతేమిటంటే, పొలాల్లో చచ్చిన అడవి పిల్లి ఏదీ ప్రయోగశాల దాకా వెళ్లడం నేను చూడలేదు. కాలువ గట్టు మీద దెబ్బ ఆనవాలు లేకుండా పడి ఉన్న పిల్లిని కుక్క కరిచిందంటారు, పాము కుట్టిందంటారు, అక్కడే గుంత తీసి పూడుస్తారు. కాలేయం ముక్క ఒకటి తీసి పంపితే తేలిపోయే విషయం మట్టిలో కలిసిపోతున్నది.

మందు ఒక్కటే అయితే ఇంతగా చెప్పను. పిల్లి దాక్కునే చోటు కూడా పోతున్నది. ఈ ప్రాంతంలో ఒకప్పుడు చెరకు ఉండేది. మెట్‌పల్లి దగ్గర ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది, కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్ వైపు రైతులు చెరకు మానుకుంటూ వచ్చారు. చెరకు తోట అడవి పిల్లికి దాదాపు ఏడాది పొడవునా నీడ, ఎలుకలు, పిల్లలు పెట్టుకునే జాగా. మహారాష్ట్రలో జున్నర్ ప్రాంతపు చెరకు కోతల్లో దీని పిల్లలు తరచూ దొరకడానికి కారణం అదే. చెరకు పోయిన చోట వరి వచ్చింది. వరి పచ్చగా ఉన్నంత కాలం బాగానే ఉంటుంది, కానీ ఏటా రెండుసార్లు వారం పది రోజుల్లో ఆయకట్టు మొత్తం ఒక్కసారిగా బోడిగా మారుతుంది. హార్వెస్టర్ వెళ్లాక కొయ్యకాళ్లకు నిప్పు పెడతారు. ఒడ్ల మీది గడ్డికి కలుపు మందు కొడతారు. కరీంనగర్ ప్రాంతంలో గుట్టలను గ్రానైట్ కోసం కోసేస్తుంటే ఎండాకాలం తలదాచుకునే రాతి సందులూ తగ్గుతున్నాయి. పసుపు, మక్క, మామిడి తోటలు మిగిలిన చోట్లే ఇప్పుడు కాస్త ఆసరా.

మక్క చేను దగ్గరికి వచ్చేసరికి తీగ ఉంటుంది. అడవి పందుల బాధ ఈ జిల్లాలో ఎంతుందో రాత్రుళ్లు మంచె మీద గడిపే రైతును అడిగితే చెబుతాడు. బాధ పడలేక కొందరు కరెంటు లైను నుంచి నేరుగా తీగ లాగి చేను చుట్టూ కడతారు. ఇది చట్ట ప్రకారం నేరం. ఏటా మనుషులే ఆ తీగకు తగిలి చనిపోయిన వార్తలు పేపర్లో వస్తూనే ఉంటాయి. మనిషి చనిపోతే కేసవుతుంది, పులి చనిపోతే రాష్ట్రమంతా తెలుస్తుంది. అడవి పిల్లి చనిపోతే తెల్లారి తీగ విప్పేటప్పుడు పక్కకు విసిరేస్తారు, అంతటితో ఆ సంగతి ముగుస్తుంది.

తర్వాత రోడ్డు. ఆర్మూరు నుంచి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా మంచిర్యాల వైపు వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి మీద, దానికి కలిసే ఊరి రోడ్ల మీద కోతల కాలంలో వడ్లు, మక్కలు ఆరబోస్తారు. కొనుగోలు కేంద్రాల్లో కాంటా కోసం కుప్పలు రోజుల తరబడి టార్పాలిన్ల కింద ఎదురు చూస్తాయి. కుప్ప అంచున టార్పాలిన్ ఎత్తి చూడండి. గుండ్రంగా తవ్విన కన్నం, దాని ముందు ఊక, వరి పొట్టు మధ్యలో నల్లటి ఎలుక పెంటికలు. ఎలుకల కోసం రాత్రి పిల్లి వస్తుంది. సరిగ్గా అదే రోడ్డు మీద రాత్రంతా వడ్ల లారీలు, హార్వెస్టర్లు, ట్రాక్టర్లు. లైటు కళ్లలో పడగానే పిల్లి పరుగెత్తదు, ఒక్క క్షణం బిగుసుకుని నిలబడుతుంది. నేను రోడ్డు పక్కన చూసిన చచ్చిన పిల్లుల్లో ఎక్కువ భాగం ఇలాంటి కల్లాల దగ్గరవే.

ఇవన్నీ ఉన్నా ఎర్ర జాబితా ప్రకారం భద్రంగానే ఉందిగా అని అడిగేవాళ్లకు కారకల్ కథ చెప్పాలి. పద్నాలుగో శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ కారకల్స్‌ను పెంచడానికి ప్రత్యేకంగా సియాగోష్‌దార్‌ఖానా నడిపాడు. వాటితో పక్షులను, కుందేళ్లను వేటాడించేవారు. అలా రాజుల కొలువులో తిరిగిన జంతువు మన దేశంలో ఎలా కనుమరుగైందో ధర్మేంద్ర ఖండాల్, ఇషాన్ ధర్, జి.వి. రెడ్డి పాత రికార్డులన్నీ తవ్వి 2020లో ప్రచురించారు. గతంలో 13 రాష్ట్రాల నుంచి దాని ఆనవాళ్లు నమోదయ్యాయి. 2001 తర్వాత మూడు రాష్ట్రాలు మిగిలాయి, రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్. 1948 నుంచి 2000 వరకు నమోదైన విస్తీర్ణంలో 5 శాతం కూడా ఇప్పుడు లేదు, 16,709 చదరపు కిలోమీటర్లకు కుదించుకుపోయింది. దేశం మొత్తంలో 50 కూడా లేవన్నది అంచనా. 2021లో జాతీయ వన్యప్రాణి మండలి దాన్ని అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జంతువుల సరసన చేర్చింది. ఆఫ్రికాలో మాత్రం ఇదే కారకల్ చాలా దేశాల్లో మామూలుగా కనిపిస్తుంది, ఐయూసీఎన్ జాబితాలో దానిదీ అడవి పిల్లి ఉన్న వర్గమే. ప్రపంచం మొత్తానికి వర్తించే మాట ఒక దేశానికి వర్తించలేదు. అలాంటప్పుడు ఒక జిల్లాకు వర్తిస్తుందని ఎలా నమ్మాలి?

మన లెక్కల్లో ఉన్న ఖాళీ కూడా ఇక్కడే ఉంది. పులుల గణన కోసం పెట్టిన కెమెరాల్లో పడిన ఫొటోల ఆధారంగా దేశంలోని చిన్న పిల్లుల మీద భారత వన్యప్రాణి సంస్థ నివేదిక తెచ్చింది. అన్నిటికన్నా విస్తారంగా ఉన్నది అడవి పిల్లేనని, సుమారు 96 వేల చదరపు కిలోమీటర్లలో ఉందని చెప్పింది. మంచి పని. కానీ అది పులులుండే అడవుల లెక్క. బోర్నపల్లి వంతెన దాటి నిర్మల్ జిల్లాలోకి వెళ్లి, ఆ వైపు కవ్వాల్ పులుల అభయారణ్యం చేరితే అక్కడ కెమెరాలున్నాయి. వంతెనకు ఈవల పొలాల్లో లేవు. ఈ పిల్లి ఎక్కువగా బతికే చోటు పొలాలే.

కొత్త చట్టమేదీ అక్కర్లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి పిల్లిని చంపడం, పట్టడం ఇప్పటికే నేరం. కావలసినవి చిన్న పనులు.

కోతల్లో పిల్లలు దొరికితే ఇంటికి తేవద్దు, పాలు పట్టవద్దు, చేతుల్లో పెట్టుకుని ఫొటోలు దిగవద్దు. ఆ మూల కోయడం ఒక్క రాత్రి ఆపితే చాలు, తల్లి వచ్చి ఒక్కొక్కదాన్ని నోట కరుచుకుని వేరే చోటికి మార్చుకుంటుంది. ఆపడం కుదరకపోతే గాలాడే బుట్టలో పెట్టి దొరికిన చోటనే, కాస్త పక్కగా ఉంచి, అటవీ శాఖకు ఫోన్ చేయాలి. జున్నర్ చెరకు తోటల్లో అటవీ సిబ్బంది, పశువైద్యులు కలిసి ఇలాగే పిల్లలను తల్లుల దగ్గరికి చేరుస్తున్నారు.

మందు తప్పదనుకున్నప్పుడు ఊరంతా ఒకేసారి, నాటు పడిన తొలి వారాల్లో, పొట్లాన్ని బొక్క లోపలికి నెట్టి మూయాలి. ఒడ్డు మీద చల్లకూడదు. ఆ తర్వాత వరుసగా కొన్ని రోజులు తెల్లారగానే పొలం చుట్టి వచ్చి చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చాలి. ఈ ఏరే పనే ఎవరూ చేయరు, పిల్లి ప్రాణం ఆధారపడేది దాని మీదే. ఎలుక బుట్టలు, బొక్కల్లో పొగబెట్టడం, గుడ్లగూబలు వాలడానికి పొలంలో పాతే టీ ఆకారపు కర్రలు పాత పద్ధతులే కానీ పనిచేస్తాయి. పందులకైతే మక్క చుట్టూ నాలుగు వరుసల ఆముదం వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెబుతున్నారు. సోలార్ కంచె జంతువును తరుముతుంది, చంపదు. నేరుగా లాగిన కరెంటు తీగకూ దానికీ ఉన్న తేడా ప్రాణమంత.

జగిత్యాల పక్కనే పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, జిల్లాలో పశువైద్యశాలలున్నాయి, అటవీ రేంజి కార్యాలయాలున్నాయి. చచ్చిన ప్రతి అడవి పిల్లికీ తేదీ, ఊరు, పక్కనున్న పంట, దెబ్బ తగిలిందా లేదా అన్నది ఒక రిజిస్టరులో రాయడానికి ఖర్చేమీ కాదు. ఒంటి మీద దెబ్బ లేని కళేబరాల నుంచి కాలేయం నమూనా తీసి మంచులో పెట్టి పరీక్షకు పంపడానికి కొద్దిగా అవుతుంది. రెండు యాసంగులు, రెండు వానాకాలాలు ఈ పని చేస్తే మందు ఎంత, తీగ ఎంత, లారీ ఎంత అన్నది చేతికి వస్తుంది. వచ్చే ఏప్రిల్‌లో కోతలు మొదలయ్యేలోపు ఆ రిజిస్టరు తెరవాలని మూడు కార్యాలయాల వారినీ అడుగుతున్నాను.